రెండు వేళ్ళ కొలత

మా బావ తన పికప్ బండిని ఏనాడూ కాంటా ఎక్కించి తూచలేదు. లోడు ఎక్కించడం అయిపోయాక బండి వెనక్కి వెళ్ళి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని గొంతుక్కూర్చునేవాడు. బరువు పడినప్పుడు వెనక టైరు నేలను ఆనిన చోట పక్కకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును డ్రైవర్లు కడుపు అనేవాళ్ళు. రిమ్ము అంచుకు ఆనించి ఒక పుల్లను నిలువుగా పట్టుకుని, ఆ పుల్లను దాటి కడుపు ఎంత బయటికి వచ్చిందో వేళ్ళు అడ్డం పెట్టి చూసేవాడు. రెండు వేళ్ళు వస్తే లోడు సరిపోయినట్టు. మూడో వేలికి చోటు దొరికితే ఒక డ్రమ్ము దించాల్సిందే.

ఇది మా బావ ఒక్కడి పద్ధతి కాదు. పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల్లో సరుకు మోసే చిన్న బండ్ల వాళ్ళందరిదీ ఇదే లెక్క. బీహారు నుంచి వచ్చిన హమాలీలు కూడా డ్రమ్ము భుజం మీద పెట్టుకుని, డ్రైవరు లేచి నిలబడేదాకా ఆగేవాళ్ళు. “దో ఉంగ్లీ హువా క్యా, సేఠ్?” అని, రెండు వేళ్ళు వచ్చాయా అని అడిగేవాళ్ళు. అయిందంటే భుజం మీది డ్రమ్ము మళ్ళీ గోడౌన్లోకి వెళ్ళేది. కాంటా హైవే మీద ఉండేది. అక్కడ లైన్లో నిలబడితే ఒక ట్రిప్పు పోయినట్టే. వేళ్ళు ఎప్పుడూ చేతికే ఉంటాయి.

బావది చిట్కుల్. పుట్టుకతో వ్యవసాయదారుడు. బోరు నీళ్ళకు వాసన మొదలై, వరి కంకులు తాలుపోవడం మొదలయ్యాక రెండు పంటలు ఓర్చుకున్నాడు. మూడో ఏడు నాగలి చూరుకు వేలాడదీసి సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొన్నాడు. కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీ నుంచి పొడి నింపిన డ్రమ్ములు ముత్తంగి గోడౌన్లకు చేర్చడం అతని పని. తొంభైల చివరి రోజులవి. నేను అప్పుడు పటాన్‌చెరులో ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. నాకు మోటారు సైకిలు లేదు. గది పటాన్‌చెరులో, అన్నం చాలా రోజులు చిట్కుల్‌లో అక్క చేతి మీద, తిరగడం బావ బండిలో. ఒక విధంగా ఆ బండి ముందు సీటు నా ఆఫీసు.

పాత టైర్లతో ఆ బండి గొడవ చేసే బండి. లోడు ఎక్కగానే చక్రాల మీద బరువును ఆపే కమాన్ పట్టీలు కిర్రుమనేవి. గుంటలో దిగితే వెనకాల ఏదో మూలిగేది. ఎక్కువైతే టైరు మడ్‌గార్డుకు రాసుకుని రబ్బరు వాసన వచ్చేది. బావ చెవి బయటికి పెట్టి నడిపేవాడు. నాతో మాట్లాడుతూనే, మధ్యలో ఆగి, “ఎడమ దిక్కు గాలి తగ్గింది” అనేవాడు. దిగి చూస్తే తగ్గే ఉండేది.

గొడవ స్టోర్ సూపర్‌వైజరు దగ్గర మొదలైంది. కంపెనీలో ఉత్పత్తి పెరిగింది. పద్నాలుగు డ్రమ్ములు తీసుకుపోయే బండిలో ఇరవై పోవాలన్నాడు సూపర్‌వైజరు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పదహారు ఎక్కించాక బావ కూర్చుని కొలిచాడు. మూడో వేలు పడింది. రెండు దించమన్నాడు.

సూపర్‌వైజరు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి టైరును బూటుతో తన్నాడు.

“పటేలా, బండికి టైర్లేసినవా, బెలూన్లు కట్టినవా?”

హమాలీలకు తెలుగు అంతంత మాత్రమే. అయినా అందరూ నవ్వారు.

“గట్టి టైర్ల బండ్లోళ్ళు శానమంది గేటు కాడ నిలబడ్డరు. నువ్వు గిట్ల వేళ్ళు లెక్కపెట్టుకుంట కూసుంటనంటే నీ ఇష్టం” అన్నాడు సూపర్‌వైజరు.

బావ రెండు డ్రమ్ములు దింపించాడు. ముత్తంగి చేరేదాకా నోరు తెరవలేదు. గోడౌన్ దగ్గర బండి ఆపి, తాళం చెవి తీసి, “బెలూన్లంట” అని మాత్రం అన్నాడు.

పొలం పోయిన మనిషికి ఆ గేటు కూడా పోతే ఇక మిగిలేది ఏమీ లేదు. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. అందుకే మరుసటి ఆదివారం టైర్లు మార్పిస్తానంటే ఎవరమూ వద్దనలేదు.

టైర్ల షాపు పటాన్‌చెరులో హైవే పక్కనే. రేకుల షెడ్డు, ముందు పాత టైర్ల గుట్ట, లోపల గాలి మిషను. ఉస్తాద్ అరవై దాటిన మనిషి. ఇనుప కడ్డీతో టైరును ఒక దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని, లోపల దారాలు తెగాయో లేదో చెప్పేవాడు. లారీల వాళ్ళు సంగారెడ్డి నుంచి కూడా ఆయన కోసం వచ్చేవాళ్ళు. బావ ఆయన్ను చాచా అనేవాడు. ఆయన బావను పటేల్ అనేవాడు.

బావ కోరింది చెప్పాడు. పాతవి ఆరు పొరల టైర్లు. వాటి చోట పెద్ద సైజువి, చిన్న లారీలకు వేసే పన్నెండు పొరలవి కావాలి. రిమ్ములు కూడా వాటికి తగ్గవి.

ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి చూశాడు.

“పడ్తయ్. మడ్‌గార్డ్ కట్ జెయ్యాలె. స్టీరింగ్ బరువైతది, మంచిగ తిను. ఇంకోటి చెప్తా ఇను పటేల్. చెప్పులు మారుస్తున్నవ్, మోకాలు అదే ఉంటది. బ్రేకు డ్రమ్ము అదే, హబ్బు అదే. యాదిల పెట్టుకో.”

“లోడు ఎక్కువ తక్కువ ఎయ్యనే చాచా. నాకున్నది అదే లెక్క గద. రెండు వేళ్ళు దాటనియ్య.”

ఉస్తాద్ వెనక టైరును కడ్డీతో ఒకసారి తట్టాడు. తర్వాత తల ఊపాడు.

“రెండు వేళ్ళు దాటకుంటే ఖైర్, పరేషాన్ లేదు.”

ఆ మాట మా ముగ్గురికీ న్యాయంగానే తోచింది. నలభై ఏళ్ళు టైర్ల మధ్య బతికిన ఆయనకూ, ఆ టైర్ల మీద బతుకుతున్న బావకూ, రోజూ పదిమందిని ప్రశ్నలు అడిగి వార్తలు రాసే నాకూ. అందులో ఉన్న తప్పు ఆ షెడ్డులో ఒక్కరికీ కనపడలేదు.

గ్యాస్ కట్టర్‌తో మడ్‌గార్డులు కోశారు. పాత బోల్టులు విప్పడానికి పానా చివర ఇనుప పైపు తొడిగి ఇద్దరు వేలాడాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి బండి కొత్త టైర్ల మీద నిలబడింది. ఒక జానెడు ఎత్తు పెరిగింది. వెనక కమాన్ కట్టలో కూడా రెండు పట్టీలు ఎక్కువ వేయించాడు బావ. కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఉస్తాద్ పాత టైర్లను దొర్లించుకుంటూ తీసుకెళ్ళి గుట్టలో వేశాడు. దారిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చిట్కుల్‌లో పిల్లలు బండి వెంట పరుగెత్తారు. అక్క ముందు సీటు ఎక్కడానికి పీట తెచ్చుకోవాల్సి వచ్చింది.

“గిదేంది, ఏనుగుకు కాళ్ళు పెట్టినట్టు పెట్టించినవ్?” అంది.

“ఏనుగు లెక్కనే మోస్తది ఇగ” అన్నాడు బావ. చాలా రోజుల తర్వాత అతను నవ్వడం ఆ రోజు చూశాను.

సోమవారం పొద్దున మొదటి లోడు. పద్నాలుగు డ్రమ్ములు ఎక్కాయి. బావ వెనక్కి వెళ్ళి కూర్చుని, పుల్ల ఆనించి చూశాడు. కడుపు లేదు. ఖాళీ బండి టైరు ఎలా ఉంటుందో అలాగే ఉంది. పదహారు ఎక్కించమన్నాడు. పద్దెనిమిది. ఇరవయ్యోది ఎక్కాక అర వేలు వచ్చింది. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూపర్‌వైజరు దూరం నుంచి చూసి, రిజిస్టరులో ఏదో రాసుకుని, “గిప్పుడు బండి లెక్కున్నది” అన్నాడు.

నెల తిరిగేసరికి ఇరవై నాలుగు మోస్తున్నాడు. అప్పటికీ ఒక వేలే. “ఇంకొక్క వేలు బాకీ ఉన్నది బామ్మర్దీ” అనేవాడు నాతో. బండి తనకు ఇంకా ఒక వేలంత బలం దాచిపెట్టి ఉంచిందన్నట్టు అనేవాడు.

బండిలో మార్పులు వచ్చాయి. వాటిని మేం సరదాగానే తీసుకున్నాం. చక్రం పెద్దదైంది కాబట్టి మీటరు తక్కువ చూపించేది. ముల్లు నలభై దగ్గర ఉంటే పక్కన పోయే బస్సును మేం దాటేసేవాళ్ళం. పటాన్‌చెరు నుంచి ముత్తంగికి కిలోమీటరు రాళ్ళు చెప్పే దూరం ఒకటి, మా మీటరు చెప్పే దూరం ఇంకొకటి. “మంచిదే గద, తిరిగినా తిరగనట్టే ఉంటది, బండికి వయసు రాదు” అని నవ్వేవాడు బావ. స్టీరింగ్ తిప్పి తిప్పి అతని భుజాలు పట్టేసేవి. రాత్రి అక్క నొప్పుల నూనె రాసేది. అదీ ఒక పరిహాసమే అయింది. “దున్నపోతులతోని దున్నినప్పుడు కూడ ఇంత నూనె పట్టలే” అనేది అక్క.

కానీ అక్కే మొదట భయపడింది.

ఒక ఆదివారం వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను పిలిచింది. బావ ఇంట్లో నిద్రపోతున్నాడు.

“తమ్మీ, బండి మూలుగుత లేదురా.”

“మంచిదే కదక్కా.”

“ఏం మంచిది. మునుపు సందు మలుపుల ఉండంగనే తెలుస్తుండె, లోడు ఉన్నదా, ఖాళీగ వస్తున్నడా అని. కూర పొయ్యి మీద పెట్టాల్నా, ఆగాల్నా అని గా సప్పుడు ఇని చూసుకుంటుంటి. ఇప్పుడు ఇంటి ముంగట నిలబడేదాక సప్పుడు లేదు. అర్రల గిన్నెలు మాత్రం ఒణుకుతయి. ఇంట్ల దగ్గే ముసలోళ్ళు ఒక్కసారే దగ్గుడు బంద్ చేస్తే ఎట్లుంటది? గట్లున్నది నాకు.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“నువ్వు రోజు ఎక్కుతవ్ గద. ఆపంగనే ఆగుతున్నదా?”

“ఆగుతున్నదక్కా” అన్నాను.

అది అబద్ధం కాదు. బండి ఆగుతూనే ఉంది. కానీ ఎక్కడ ఆగుతోందో నేను అప్పటికే గమనించాను. ఆ సంగతి అక్కకు చెప్పలేదు.

కంపెనీ గేటు నుంచి కింది రోడ్డుకు దాదాపు కిలోమీటరు దిగుడు. దారి పొడవునా కరెంటు స్తంభాలు. దిగుడు చివర కల్వర్టు, కల్వర్టు పక్కన చాయ్ హోటలు, ఆటోలు. ఎడమ చేతి వైపు బాయిలర్ల నుంచి తెచ్చి పోసిన బూడిద గుట్ట, రెండు నిలువుల ఎత్తు. పాత టైర్ల రోజుల్లో బావ కల్వర్టుకు ముందున్న చివరి స్తంభం దగ్గర బ్రేకు తొక్కేవాడు. కొత్త టైర్లు వేసిన మొదటి వారం దానికి ముందరి స్తంభం దగ్గర తొక్కాడు. ఆ తర్వాత ఇంకో స్తంభం పైకి జరిగింది. ఎండలు ముదిరేసరికి దిగుడు సగంలో ఉన్నప్పుడే అతని కాలు బ్రేకు మీదికి వెళ్ళేది, కల్వర్టు దాకా అక్కడే ఉండేది. కిందికి చేరేసరికి కాలిన వాసన వచ్చేది. బావ ఏమీ అనేవాడు కాదు. నేనూ అడగలేదు. మనిషి జాగ్రత్తపరుడు, ముందుగా తొక్కుతున్నాడు అనుకున్నాను. లేదా అలా అనుకోవడం సులువుగా ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలకు సైరన్ మోగేది. మొదటి షిఫ్టు వదులుతుంది, రెండో షిఫ్టు ఎక్కుతుంది. ఆ పావుగంట ఆ దిగుడంతా మనుషులే. చుట్టుపక్కల నాలుగు కంపెనీల వాళ్ళు, టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ, రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని నడిచేవాళ్ళు. ఎనిమిది గంటలు మిషన్ల మధ్య నిలబడి వచ్చిన వాళ్ళు హారన్‌కు పక్కకు జరగరు. ఆ రోడ్డు మీద హారన్ లేని క్షణమే ఉండదు.

అక్క బావను అడిగిన మాట ఒక్కటే. సైరన్ టైముకు లోడుతో దిగొద్దు. రెండింటికి ముందే దిగిపో, లేదా రోడ్డు ఖాళీ అయినాక మూడింటికి దిగు. ఆమె ఇంకేమీ అడగలేదు. డ్రమ్ములు తగ్గించమని కూడా అడగలేదు. గేటు పోతుందని ఆమెకూ భయమే.

“సరే” అన్నాడు బావ. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఒంటిగంటన్నరకు కాగితాలు చేతికి రాకపోతే గేటు లోపల వేపచెట్టు కింద బండి పెట్టుకుని మూడు దాకా పడుకునేవాడు. సూపర్‌వైజరు దాన్ని కూడా ఎగతాళి చేసేవాడు. “పటేల్ పెండ్లాం ముహూర్తం పెట్టి పంపుతది బండిని” అనేవాడు. బావ పట్టించుకోలేదు. సుమారు రెండు నెలలు అలా గడిచింది.

మే నెలలో ఆ రోజు నేను బండిలో లేను. కాంట్రాక్టు కార్మికుల గేటు మీటింగు ఉందంటే కల్వర్టు దగ్గర హోటల్లో కూర్చున్నాను. మీటింగు రెండు గంటలకు, షిఫ్టు వదిలినప్పుడు. తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, పైన గేటు పాసు రాసే గుమాస్తా సీట్లో లేడు. పాసు చేతికి వచ్చేసరికి రెండుకు ఐదు నిమిషాలు తక్కువ. ముత్తంగిలో ఆ సరుకు కోసం బొంబాయి లారీ ఇంజను నడుపుతూ నిలబడి ఉంది. సూపర్‌వైజరు బండి తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. గంట ఆగుతానంటే రేపటి నుంచి రావద్దన్నాడు. బావ వాచీ చూసుకున్నాడట. ఐదు నిమిషాల్లో కిందికి చేరిపోవచ్చు అనుకున్నాడట. ఇరవై ఆరు డ్రమ్ములు. వెనక్కి వెళ్ళి కొలుచుకుని మరీ ఎక్కాడు. రెండు వేళ్ళు సరిగ్గా వచ్చాయి.

సైరన్ ఆ రోజు రెండు నిమిషాలు ముందే మోగిందని కొందరన్నారు. బావ వాచీయే వెనకబడిందని కొందరన్నారు. నాకు తెలియదు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు తిరిగేసరికి దిగుడంతా మనుషులతో నిండి ఉంది. వాళ్ళందరి తలల మీదుగా, పైన, మా బావ బండి ముందు అద్దం ఎండకు మెరిసింది. మిగతా బండ్ల కంటే జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి గుర్తుపట్టాను.

మొదట అది మామూలుగానే వస్తున్నట్టు అనిపించింది. తర్వాత హారన్ మొదలైంది. ఆగి ఆగి కొట్టే హారన్ కాదు, చెయ్యి ఎత్తని హారన్. ఎవరూ తిరిగి చూడలేదు. రోడ్డు నడిమధ్య ఆడవాళ్ళు ఐదారుగురు చేతులు పట్టుకుని నవ్వుకుంటూ దిగుతున్నారు. నేను లేచి అరిచాను. హోటలు యజమాని గరిటె పట్టుకుని బయటికి వచ్చి అతనూ అరిచాడు. మమ్మల్ని చూసి మనుషులు మా వైపు చూశారు కానీ వెనక్కి చూడలేదు.

బండి ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. రోడ్డు అంచు దాటి, బూడిద గుట్టలోకి, ముందు అద్దం దాకా దిగబడిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బూడిద ఆ చప్పుడును మింగింది. ఆ తర్వాత లోపల డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి ముందుకు జారి క్యాబిన్ గోడకు తగలడం వినపడింది. ఒకటి, ఇంకొకటి, చాలాసేపు. చివరి డ్రమ్ము ఆగాక రోడ్డంతా తెల్లగా అయిపోయింది. పక్కన ఉన్న మనిషి కనపడలేదు.

నేను తడుముకుంటూ వెళ్ళాను. క్యాబిన్ వెనక రేకు లోపలికి వంగి సీటును స్టీరింగు దాకా తోసింది. బావ కుడికాలు బ్రేకు మీదే ఉంది, అక్కడే ఇరుక్కుపోయింది. ముఖమంతా బూడిద, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు.

“కింద ఎవలన్న ఉన్నరా?” అన్నాడు.

“ఎవరూ లేరు బావా.”

“మంచిగ చూడు.”

బండి ముందు చక్రం పక్కన బూడిదలో ఒక టిఫిన్ డబ్బా కనపడింది. స్టీలు డబ్బా, మూత ఊడి, లోపల తినగా మిగిలిన అన్నం. పక్కనే ఒక రబ్బరు చెప్పు.  నలుగురు కార్మికులు చేతులతో బూడిద తోడడం మొదలుపెట్టారు. తట్టలు తెచ్చారు. హోటలు యజమాని గరిటెతోనే తోడాడు.  బావ క్యాబిన్లోంచి అడుగుతూనే ఉన్నాడు, “ఉన్నరా? ఎవలన్న ఉన్నరా?” అని. కాలు నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

ఎంతసేపు తోడామో చెప్పలేను. చివరికి ఒకామె, ఒక కాలికి చెప్పు లేకుండా, గుంపును తోసుకుంటూ వచ్చింది. “అన్నా, గా డబ్బా నాది” అంది. ఎవరో చెయ్యి పట్టి లాగితే పరుగెత్తిందట. ఆమెను బావకు కనపడేలా కిటికీ ముందుకు తీసుకొచ్చి నిలబెట్టాను. బావ ఆమెను చూశాడు, తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

హైదరాబాదు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆ సాయంత్రం నేను ఆసుపత్రి నుంచే పత్రికకు ఫోను చేసి ఐదు లైన్ల వార్త చెప్పాను. బ్రేకులు ఫెయిలై పికప్ బోల్తా, డ్రైవరుకు తీవ్ర గాయాలు. బండి బోల్తా పడలేదు. కానీ ఇలాంటి వార్తలు ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి, నోటికి అదే వచ్చింది. పోలీసుల కాగితాల్లోనూ బ్రేకులు ఫెయిల్ అనే ఉంది.

పదిరోజులకు ఎవరో ఆ పేపరు ముక్క బావకు చూపించారు. నేను వెళ్ళేసరికి దాన్ని దిండు కింద పెట్టుకుని ఉన్నాడు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. టైర్ల షాపు ఉస్తాద్ కూడా వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

“బ్రేకు ఫెయిల్ అని రాసినవ్” అన్నాడు బావ.

“పోలీసులు అట్లనే చెప్పిన్రు బావా.”

“బ్రేకు మంచిగనే ఉండె. చాచా పోయి విప్పి చూసి వచ్చిండు. నూనె కారలే, పైపు తెగలే. పద్నాలుగు డ్రమ్ములకు చేసిన బ్రేకు అది. ఇరవై ఆరు ఏసి ఆగమంటే ఎట్ల ఆగుతది? దాని మీదికెందుకు పెట్టినవ్ తప్పు?”

ఉస్తాద్ తల ఎత్తలేదు.

“నేనే అన్న, రెండు వేళ్ళు దాటకుంటే ఖైర్ అని” అన్నాడు ఆయన. “గా టైరుకు రెండు వేళ్ళు రావాల్నంటే దాని మీద కొండ పెట్టాలె. ఆరు పొరల టైరుది గా లెక్క. పన్నెండు పొరల దానికి నడవది. నలబై సాల్ అయింది ఈ దందాల. నాకు తట్టలే పటేల్.”

“నాకు తట్టిందా?” అన్నాడు బావ. “పాతది మూలిగితే ఆపుతుంటి. ఇది మూలగలే. అంతే.”

అక్క నా వైపు ఒకసారి చూసింది. ఆగుతున్నదా అని అడిగిన రోజు ఆమెకు గుర్తుందని నాకు అర్థమైంది. ఆ ప్రశ్న ఆమె మళ్ళీ ఎత్తలేదు, ఇప్పటిదాకా కూడా. వార్తకు సవరణ వేయమని నేను పత్రికను అడగలేదు. ఐదు లైన్ల వార్తకు సవరణ ఎవరు వేస్తారు అనుకున్నాను.

బండి పోలీసు స్టేషను వెనక కొన్నాళ్ళు పడి ఉంది. ముందు భాగం నలిగింది, ఛాసిస్ వంగింది. టైర్లకు మాత్రం గీత పడలేదు. బావ ఇంటికి వచ్చిన నెలకు ఇస్నాపూర్ నుంచి ఒక కుర్ర డ్రైవరు వచ్చాడు. టైర్లు, రిమ్ములు కావాలన్నాడు. అదే గేటులో అదే సరుకు, బావ వదిలిన పని అతనికి దొరికింది. బావ మంచం మీద నుంచే గట్టిగా వద్దన్నాడు. అక్క లోపలికి వెళ్ళి మందుల సంచి తెచ్చి బావ పక్కన పెట్టింది. ఆ తర్వాత బావ వద్దనలేదు.

“తీస్కపో. ఒక్క మాట ఇను తమ్మీ. వేళ్ళు పెట్టి చూడకు. వారానికి ఒక్కసారన్న కాంటా ఎక్కించు” అన్నాడు.

“గట్లనే అన్నా” అన్నాడు కుర్రవాడు. అతని చూపు బావ మీద లేదు, స్టేషను నుంచి విప్పి తెచ్చి వాకిట్లో దించిన టైర్ల మీద ఉంది. ఒకదాన్ని లేపి నిలబెట్టి, పొరల సంఖ్య చదివి, అరచేత్తో రెండుసార్లు చరిచాడు. “కొత్త లెక్కనే ఉన్నయే” అన్నాడు. సాయంత్రానికి తీసుకుపోయాడు.

వాన కాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పనిమీద నేను మళ్ళీ కల్వర్టు దగ్గర ఉన్నాను. సైరన్ మోగింది. మనుషులు గొడుగులు వేసుకుని, కొందరు తల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుని దిగుతున్నారు. కంపెనీల వాళ్ళు బూడిద గుట్టను ఎత్తించి ఇటుకల బట్టీకి పంపేశారు. అది ఉన్న చోట ఇప్పుడు చదునైన నేల, దానికవతల గోడ కడుతున్నారు. పైన ఒక పికప్ కనపడింది. కొత్త రంగు వేశారు, ఎత్తుగా ఉంది. వెనక టార్పాలిన్ కింద డ్రమ్ములు క్యాబిన్ కంటే పైకి ఉన్నాయి.

నేను హోటలు మెట్టు దిగి రోడ్డు మీదికి వచ్చాను. ఏం చేద్దామని వచ్చానో నాకే తెలియదు. చప్పుడు లేకుండా దిగింది బండి. తడి రోడ్డు మీద టైర్ల సవ్వడి తప్ప ఏమీ లేదు. దిగుడు చివర కొంచెం జారినట్టు అనిపించింది. అద్దం వెనక ఆ కుర్రవాడి ముఖం కనపడింది, పళ్ళు బిగించి ఉన్నాడు.

ఆగింది. అందరికంటే వెనక నడుస్తున్న ఒకామెకూ బండి ముందు భాగానికీ మధ్య ఒక మనిషి అడ్డంగా నిలబడేంత చోటు మిగిలింది. ఆమె గొడుగు సర్దుకుని, వెనక్కి చూడకుండానే కల్వర్టు దాటిపోయింది.